యువరాజూ కాదు, కిరాయి సైనికుడూ కాదు

సంపాదకుల వారికి,

నమస్కారం. గత ఆదివారం మీ అనుబంధంలో జిబ్రాల్టర్ కోట గురించి వచ్చిన వ్యాసం ఆసక్తిగా చదివాను. మధ్యధరా సముద్రపు ముఖద్వారంలోని ఆ చిన్న కొండ మీద తెలుగులో అంత వివరంగా రాసినవారు అరుదు కనుక రచయితకు ముందుగా అభినందనలు. అయితే 1704 నాటి విజయం గురించి చెబుతూ, ఇంగ్లిష్ అడ్మిరల్ జార్జ్ రూక్ ఆ కోటను బ్రిటన్ కోసం జయించాడనీ, ఆయన వెంట హెస్సే యువరాజు జార్జ్ అనే జర్మన్ కిరాయి సైనికుడు ఉన్నాడనీ ఒక్క వాక్యంలో తేల్చేశారు. ఆ వాక్యంలో మూడు పొరపాట్లు ఉన్నాయి. మూడూ ఒకదానితో ఒకటి ముడిపడినవే కావడం వల్ల ఈ లేఖ కొంచెం పొడుగైంది, మన్నించగలరు.

మొదటిది 'యువరాజు' అన్న మాట. ఇంగ్లిష్‌లో ప్రిన్స్ అని కనబడగానే యువరాజు అని రాసేయడం మన పత్రికలకు పాత అలవాటు. తెలుగులో యువరాజు అంటే తండ్రి తర్వాత గద్దె ఎక్కవలసినవాడు, అందుకు అభిషిక్తుడైనవాడు. జర్మన్ రాజవంశాల్లో రాజబిడ్డలందరికీ ప్రిన్స్ అన్న బిరుదు ఉంటుంది. పదిమంది కొడుకులుంటే పదిమందీ ప్రిన్స్‌లే. వాళ్లలో యువరాజు ఒక్కడే, మిగిలిన తొమ్మిదిమంది రాజకుమారులు. జార్జ్ ఆ తొమ్మిదిమంది కోవకు చెందినవాడు. ఆయన జీవితం అలా నడవడానికి కారణమే అది.

ఫ్రాంక్‌ఫర్ట్‌కు దక్షిణాన, కాస్త దూరంలోనే ఉన్న డార్మ్‌స్టాట్ అప్పట్లో ఒక చిన్న సంస్థానానికి రాజధాని. అక్కడి పాలకుడి బిరుదు లాండ్‌గ్రేవ్. 1567లో హెస్సే లాండ్‌గ్రేవ్ ఫిలిప్ చనిపోయినప్పుడు రాజ్యాన్ని నలుగురు కొడుకులు పంచుకున్నారు. డార్మ్‌స్టాట్ దక్కిన కొడుకు వాటా మొత్తంలో దాదాపు ఎనిమిదో వంతు. ఇలా తరానికొకసారి పంచుకుంటూ పోతే చివరికి ఎవరికీ ఒక ఊరికి మించి మిగలదని గ్రహించిన ఆ ఇంటివారు 1606లో జ్యేష్ఠాధికారాన్ని నియమం చేసుకున్నారు. రాజ్యం పెద్దకొడుక్కి, మిగిలినవారికి ఏటా ఇంత అని భరణం. అంతా అయ్యాక కూడా 1622లో హోంబుర్గ్ అనే ముక్కను ఒక తమ్ముడికి వదులుకోవలసి వచ్చింది. నియమం కాగితం మీద రాసినంత తేలిగ్గా తమ్ముళ్ల మీద అమలవదు కదా.

నేను డిగ్రీ విద్యార్థులకు యూరప్ చరిత్ర చెప్పే రోజుల్లో ఈ ఘట్టం వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు "రాజుగారి తమ్ముళ్లకు ఇల్లు వదిలి పరాయి సైన్యంలో చేరవలసిన ఖర్మేమిటి సార్" అని అడిగేవారు. ఒకసారి నేను జవాబు చెప్పేలోగా వెనక బెంచీలో కూర్చున్న కుర్రాడు లేచి, "మా తాతగారిదీ అదే సంగతి సార్, ఎస్టేటు పెద్ద తాతగారిది, మా తాతగారిది భరణం" అన్నాడు. తరగతి నవ్వింది గానీ అంతకంటే మంచి జవాబు నా దగ్గర లేదు. 1904 నాటి మద్రాసు అవిభాజ్య ఎస్టేట్ల చట్టం పుణ్యమా అని మన జమీందారీ కుటుంబాల్లోని చిన్నకొడుకులకు ఆ స్థితి బాగానే తెలుసు. తేడా ఏమంటే మన జమీందారు తమ్ముడు కోర్టుకెక్కేవాడు, జర్మన్ లాండ్‌గ్రేవ్ తమ్ముడు గుర్రమెక్కేవాడు.

జార్జ్ 1669 ఏప్రిల్‌లో పుట్టాడు. జర్మన్ ఉచ్చారణలో ఆ పేరు గెయోర్గ్, తెలుగు పాఠకులకు అలవాటైన రూపమే ఇక్కడ వాడుతున్నాను. తండ్రి, డార్మ్‌స్టాట్ లాండ్‌గ్రేవ్ ఆరో లూయీకి రెండు పెళ్లిళ్ల మీద పదహారుమంది సంతానం. 1678లో తండ్రి పోయాడు. మొదటి భార్య కొడుకు గద్దె ఎక్కి పద్దెనిమిది వారాలకే చనిపోయాడు. అప్పుడు జార్జ్ సొంత అన్న, పదేళ్ల ఎర్నెస్ట్ లూయీ లాండ్‌గ్రేవ్ అయ్యాడు. తల్లి ఎలిజబెత్ డొరొతియా పదేళ్లపాటు, 1688 దాకా, అతని పేరున రాజ్యం నడిపింది. నిక్కచ్చిగా లెక్కిస్తే అన్నకు 1691లో కొడుకు పుట్టేదాకా వారసత్వపు వరుసలో తర్వాతి పేరు జార్జ్‌దే. మీ వ్యాసకర్త ఆ పదమూడేళ్లను దృష్టిలో పెట్టుకొని యువరాజు అని ఉంటే నా అభ్యంతరాన్ని సగం వెనక్కి తీసుకుంటాను. అన్నకు కొడుకు పుట్టిన తర్వాత మాత్రం జార్జ్‌కు డార్మ్‌స్టాట్‌లో చెయ్యడానికి ఏమీ లేదు. అన్నగారు వేటలో, సంగీత నాటకాల్లో, వాటికి చేసిన అప్పుల్లో మునిగి 1739 దాకా నిక్షేపంగా బతికాడు.

చిన్నకొడుకుల ముందు ఉన్న దారులు రెండే: చర్చి, సైన్యం. ఈ కుటుంబం లూథరన్ శాఖకు చెందినది కావడంతో బిషప్ సంస్థానాలు ఏలుకొనే పెద్ద పదవులు చాలావరకు అందుబాటులో లేవు. వ్యాపారం వంశమర్యాదకు తగదు. ఇక మిగిలింది సైన్యం, అదీ పరాయి రాజుల సైన్యం, ఎందుకంటే డార్మ్‌స్టాట్‌కు అంతమంది సేనాపతుల్ని పోషించే సైన్యమే లేదు. అందుకే జార్జ్ కుర్రతనంలోనే టర్కులపై యుద్ధానికి వెళ్లాడు, ఇరవై ఒకటో ఏట ఐర్లండ్‌లో ఇంగ్లండ్ రాజు విలియం పక్షాన పోరాడాడు. ఆ తర్వాత కాథలిక్ మతం పుచ్చుకొని వియన్నాలోని హబ్స్‌బర్గ్ చక్రవర్తి కొలువులో చేరాడు. మతం మారడంలో విశ్వాసం పాలెంత, కొలువు పాలెంత అన్నది తూచి చెప్పడం నా తరం కాదు గానీ మారకపోతే ఆ తర్వాతి పదవులు వచ్చేవి కావన్నది మాత్రం స్పష్టం.

తమ్ముళ్ల సంగతి కూడా చూడండి. ఫిలిప్ చక్రవర్తి కొలువులోనే ఎదిగి ఇటలీలోని మాంటువాకు గవర్నర్ అయ్యాడు. హెన్రీ అన్న వెంట జిబ్రాల్టర్‌కు వచ్చాడు. అందరికంటే చిన్నవాడు ఫ్రెడరిక్ రష్యాలో పీటర్ చక్రవర్తి అశ్వికదళంలో సేనాని అయి, 1708లో స్వీడన్ సేనలతో లెస్నయా దగ్గర జరిగిన యుద్ధంలో తగిలిన గాయాలతో మరణించాడు. ఒక్క తల్లి కడుపున పుట్టినవారు యూరప్ ఈ చివర నుంచి ఆ చివర దాకా ఇలా చెల్లాచెదురయ్యారు. హోంబుర్గ్ శాఖలోని మరో చిన్నకొడుకు ఫ్రెడరిక్ స్వీడన్ కొలువులో ఉండగా 1659లో కోపెన్‌హేగన్ ముట్టడిలో కాలు పోగొట్టుకొని, కృత్రిమ కాలితోనే 1675లో ఫెర్బెలిన్ యుద్ధంలో బ్రాండెన్‌బుర్గ్ అశ్వికదళాన్ని నడిపాడు. మొదట ఏ స్వీడన్ పక్షాన కాలు పోగొట్టుకున్నాడో రెండోసారి ఆ స్వీడన్ మీదే యుద్ధం చేశాడు. ఆ కాలపు కళ్లకు ఇందులో తప్పేమీ కనబడలేదు.

"మరి దీన్నే కదా కిరాయి అంటారు" అని వ్యాసకర్త అడగవచ్చు. ఇదే రెండో పొరపాటు. హెస్సే అనగానే కిరాయి గుర్తుకు రావడానికి కారణం 1776 తర్వాతి అమెరికా యుద్ధం. అప్పుడు బ్రిటన్ తరఫున సముద్రం దాటిన దాదాపు ముప్పై వేలమంది జర్మన్ సైనికుల్లో సగానికి పైగా హెస్సే-కాసెల్ వారు. అది వేరే శాఖ, వేరే సంస్థానం, డెబ్బై ఏళ్ల తర్వాతి మాట. అక్కడ కూడా లండన్ నుంచి డబ్బు పుచ్చుకొన్నవాడు లాండ్‌గ్రేవ్. రైఫిలో తుపాకో భుజాన వేసుకొని ఓడెక్కిన రైతుబిడ్డను ఎవరూ అడగలేదు. కిరాయి అన్న మాట ఆ ఒప్పందానికి తగినట్టు వాడుకోవచ్చు. జార్జ్ విషయంలో మాత్రం ముందు చుట్టరికం చూడాలి.

జార్జ్ మేనత్త ఎలిజబెత్ అమాలియా పాలటినేట్ నోయిబుర్గ్ ఇంటి కోడలు. ఆమె కూతుళ్లలో ఒకరు చక్రవర్తి లియోపోల్డ్ భార్య, మరొకరు స్పెయిన్ రాజు రెండో చార్లెస్ భార్య. అంటే వియన్నాలో మహారాణి, మాడ్రిడ్‌లో రాణి ఇద్దరూ జార్జ్‌కు మేనత్త కూతుళ్లే. 1695లో చక్రవర్తి పంపిన జర్మన్ సేనలతో ఆయన స్పెయిన్‌లోని కాటలోనియా ప్రాంతంలో దిగడం, 1697లో ఫ్రెంచి సేనాని వాండోమ్ ముట్టడించిన బార్సిలోనాను కాపాడడానికి పోరాడడం, ఆ నగరం లొంగిపోయి, సంధి తర్వాత మళ్లీ స్పెయిన్ చేతికి వచ్చాక ముప్పై ఏళ్లు కూడా నిండకుండా కాటలోనియా వైస్రాయి కావడం, ఇవన్నీ ఆ చుట్టరికపు నీడలో జరిగినవే. ఆయనకు సామర్థ్యం లేదని కాదు. కాటలన్ ప్రజలు ఆయన్ను ఇష్టపడ్డారనడానికి తర్వాతి చరిత్రే సాక్ష్యం. కానీ సామర్థ్యం ఒక్కటే ఉన్న జర్మన్ సేనాని ఎవరికీ ఆ వయసులో బార్సిలోనా ఇచ్చి ఉండరు.

1700 నవంబర్‌లో స్పెయిన్ రాజు సంతానం లేకుండా కన్నుమూశాడు. వీలునామా ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ మనుమడు ఫిలిప్ పేరున ఉంది. 1701లో జార్జ్‌ను వైస్రాయి పదవి నుంచి తప్పించారు. గద్దె తమదేనన్న ఆస్ట్రియా వారు ఆర్చ్‌డ్యూక్ చార్లెస్‌ను నిలబెట్టారు, ఇంగ్లండ్, డచ్చి వారు ఆయన్ను బలపరిచారు. ఈ చార్లెస్ ఎవరు? జార్జ్ మేనత్త కూతురి కొడుకు. ఆ తర్వాత చనిపోయేదాకా జార్జ్ పోరాడింది తన రక్తసంబంధీకుడైన ఈ కుర్రవాణ్ని స్పెయిన్ గద్దె ఎక్కించడానికి, తాను పోగొట్టుకొన్న బార్సిలోనాలో తిరిగి అడుగుపెట్టడానికి. నెల జీతానికి తుపాకి పట్టినవాణ్నీ ఈయన్నూ ఒకే మాటతో పిలిస్తే పాఠకుడికి ఆ కాలం అర్థం కాదు.

ఇక మూడోది, బ్రిటన్ కోసం జయించారన్నది. 1702లో ఇంగ్లిష్, డచ్చి నౌకలు స్పెయిన్ రేవు కాదిజ్ మీద దాడికి వెళ్లినప్పుడు జార్జ్ వాళ్ల వెంట ఉన్నాడు. స్పానిష్ ప్రజలను చార్లెస్ వైపు తిప్పాలన్నది ఆయన ఆలోచన. దిగిన సైనికులు పక్కనున్న ప్వెర్టో డి శాంటా మరియా పట్టణాన్ని దోచుకోవడంతో ఆ ఆలోచన మట్టిగొట్టుకుపోయింది. 1704 మే నెలలో బార్సిలోనా దగ్గరికి ఓడలు తీసుకువెళితే, తనను చూడగానే నగరం తిరగబడుతుందని జార్జ్ ఇచ్చిన భరోసా నిజం కాలేదు. ఈ రెండు భంగపాట్ల తర్వాత, వట్టి చేతులతో తిరిగి వెళ్లలేక నౌకాధిపతులు ఎంచుకున్న లక్ష్యం జిబ్రాల్టర్. ఆ కోటలో అప్పుడు పెద్ద సైన్యమేమీ లేదు.

ఆగస్టు 1న సుమారు 1,800 మంది ఇంగ్లిష్, డచ్చి మెరైన్లతో (నౌకా సైనికులతో) కొండను స్పెయిన్ భూభాగంతో కలిపే ఇసుకనేల మీద దిగినది జార్జ్. అక్కడి నుంచి ఆయన పట్టణానికి లేఖ పంపాడు, ఇంగ్లండ్ రాణికి లొంగమని కాదు, ఆర్చ్‌డ్యూక్ చార్లెస్‌ను మూడో చార్లెస్ పేరున స్పెయిన్ రాజుగా అంగీకరించమని. గవర్నర్ డియేగో డి సలినాస్, పురపెద్దలు కాదన్నారు. మూడో రోజు పొద్దున ఓడల మీది ఫిరంగులు ఐదారు గంటల్లో 15,000 గుండ్లు పేల్చాయని రూక్ స్వయంగా రాసుకున్నాడు. 4వ తేదీన పట్టణం లొంగిపోయింది. రూక్ తన జెండా నాటితే జార్జ్ దాన్ని తీయించి చార్లెస్ జెండా ఎగరేశాడన్న కథ ప్రచారంలో ఉంది గానీ దాని మీద చరిత్రకారులకు ఏకాభిప్రాయం లేదు. జెండా సంగతి ఎలా ఉన్నా, కోటను తీసుకున్నది చార్లెస్ పేరున, అక్కడ అధికారం చేపట్టినది జార్జ్. జిబ్రాల్టర్ బ్రిటన్‌కు దక్కింది 1713లో, ఆ వారసత్వ యుద్ధాన్ని ముగించే ఒప్పందాల్లో ఒకటైన యూట్రెక్ట్ సంధి పదో అధికరణంతో. అప్పటికి జార్జ్ పోయి ఎనిమిదేళ్లు.

ఈ గెలుపులో ఆయనకు మచ్చ లేదని నేను అనను. లొంగుబాటు పత్రంలో ప్రజల ఆస్తికీ మతానికీ రక్షణ ఇస్తామని రాసినా సైనికులు, నావికులు ఇళ్ల మీద పడ్డారు. ఊరు దాదాపుగా ఖాళీ అయింది. తరలిపోయినవాళ్లు దగ్గరలోనే సాన్ రోకె అనే పట్టణం కట్టుకున్నారు. కాదిజ్ దగ్గర జరిగినదాన్ని కళ్లారా చూసిన మనిషి మళ్లీ అదే జరగకుండా ఆపలేకపోయాడు. సైనికులు తనవాళ్లు కారు, ఓడలు తనవి కావు, జీతాలిచ్చేది తాను కాదు. పెద్ద పేరు, చిన్న అధికారం, చిన్నకొడుకు కొలువులో తరచూ ఎదురయ్యే చిక్కు ఇదే.

కోటను పట్టడం కంటే నిలబెట్టుకోవడమే కష్టమైంది. ఆ శరదృతువులో విల్లదారియాస్ నాయకత్వాన స్పానిష్, ఫ్రెంచి సేనలు వచ్చి చుట్టుముట్టాయి. నవంబర్‌లో ఒక రాత్రి, సిమోన్ సుసార్తె అనే మేకల కాపరి తనకు తెలిసిన మేకల దారి వెంట ఐదువందల మంది సైనికులను కొండ తూర్పు వైపు నుంచి పైకి ఎక్కించాడు. నిట్టనిలువు కొండ కనుక అటు కాపలా ఉంచవలసిన పని లేదని కోటలోనివాళ్లు నమ్మారు. ఎక్కినవాళ్లు తెల్లవారేదాకా సెయింట్ మైకేల్ గుహలో నక్కి ఉన్నారు. వాళ్ల దగ్గర మందుగుండు కొద్దిగానే ఉంది, వెనక రావలసిన సైన్యం రానే లేదు. జార్జ్ పంపిన దళాలు పైకెక్కి వాళ్లను చెదరగొట్టాయి, చంపినవాళ్లను చంపి మిగిలినవాళ్లను పట్టుకున్నాయి. ఆ రోజు ముట్టడిదారులు రెండో దళాన్ని కూడా పంపి ఉంటే మీ వ్యాసం వేరే విధంగా ఉండేది. ముట్టడి 1705 వసంతం దాకా సాగి, సముద్రం మీది నుంచి లీక్ అనే అడ్మిరల్ తెచ్చిన సాయంతో ముగిసింది. ఆ నెలల్లో కోటను నిలిపినది జార్జ్ అన్న విషయం వ్యాసంలో ఒక్క అక్షరం కూడా లేకపోవడమే నన్ను ఈ లేఖకు పురికొల్పింది.

ఆయన మనసు మాత్రం బార్సిలోనా మీదే. 1705 ఆగస్టులో చార్లెస్‌తో, ఇంగ్లిష్ సేనాని పీటర్‌బరోతో కలిసి మళ్లీ ఆ తీరానికి వచ్చాడు. మూడు వారాలు సేనానుల మధ్య వాదులాటలతోనే గడిచాయి. ముట్టడి మానేసి ఇటలీకి పోదామన్నవాళ్లూ ఉన్నారు. చివరికి సెప్టెంబర్ 13న రాత్రి నడకతో దాదాపు వెయ్యిమందిని తీసుకొని నగరానికి పైనున్న మోన్‌జ్విక్ కొండ కోట మీద దాడికి దిగారు. ఆ కోటకు బురుజులు కట్టించే అధికారం ఒకప్పుడు వైస్రాయిగా తనదే, అందులోని ప్రతి మలుపూ ఎరిగిన మనిషి. ముందు నడిచాడు. తొడలో తూటా దిగింది. రక్తం ఆగలేదు. అప్పటికి ఆయనకు ముప్పై ఆరేళ్లు. కొద్ది రోజుల్లో కొండ కోట పడిపోయింది, అక్టోబర్‌లో నగరం లొంగింది, చార్లెస్ రాజుగా లోపలికి నడిచాడు. ఆ గెలుపు ఖ్యాతిని ఇంగ్లండ్‌లో పీటర్‌బరో పూర్తిగా తన ఖాతాలో వేసుకున్నాడు. అది కూడా చిన్నకొడుకులకు కొత్త కాదు.

జార్జ్ గుండెను డార్మ్‌స్టాట్‌కు పంపి అక్కడి నగర చర్చిలో ఉంచారు. పుట్టినింట్లో ఆయనకు దక్కిన చోటు అంతే. బార్సిలోనాలో ఎస్పాన్యా చౌక్ దగ్గర ఒక వీధికి కాటలన్ భాషలో ఇప్పటికీ ప్రిన్సెప్ జోర్డి అని ఆయన పేరే ఉంది. జిబ్రాల్టర్‌లో ఒక బురుజును హెస్సే పేరుతో పిలుస్తారు. చార్లెస్ మాత్రం 1711లో అన్న చనిపోవడంతో వియన్నా గద్దె ఎక్కడానికి స్పెయిన్ వదిలి వెళ్లాడు. విచిత్రమేమంటే ఆ చక్రవర్తి కూడా చిన్నకొడుకే. ఆయన్ను నమ్ముకున్న బార్సిలోనా 1714 సెప్టెంబర్ 11న ఫిలిప్ సేనలకు లొంగిపోయింది.

కాబట్టి, వచ్చే ఆదివారం సవరణ వేసే ఉద్దేశం ఉంటే, "హెస్సే యువరాజు, కిరాయి సైనికుడు" అన్న చోట "హెస్సే-డార్మ్‌స్టాట్ రాజకుమారుడు, స్పెయిన్ గద్దె కోసం పోరాడిన చార్లెస్ తరఫు సేనాపతి" అనీ, "బ్రిటన్ కోసం" అన్న చోట "చార్లెస్ పేరున" అనీ మార్చవలసిందిగా కోరుతున్నాను. చోటు చాలకపోతే మొదటి మాట ఒక్కటి సరిచేసినా సంతోషమే.

భవదీయుడు,
ఒక విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు,
రాజమహేంద్రవరం